ఎనిమిదిళ్ళకు ఒక పొయ్యి

మొదటి రోజు

ఒసే బుడంకాయా,

అమ్మను రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. సముద్రం లోపలికి వచ్చిన ఏడు నేను మూడో తరగతి. బడి మునిగిపోయింది, మా పలకలు నీళ్ళ మీద తేలుతూ పోయాయి. చదువు అక్కడితో సరి. ఆ మూడు తరగతులతోనే ఇప్పుడు ఈ పుస్తకమంతా నింపాలట. నలభై రోజులు, రోజూ కాకపోయినా వీలైనన్ని రోజులు.

ఎందుకంటే, మన పక్కింటి పల్లాలత్త అంకె ముప్ఫై ఎనిమిదికి పడిపోయింది.

కచేరీవాళ్ళు కూడా దీన్ని చదువుతారు కాబట్టి నీకు తెలిసినవి కూడా రాస్తాను, విసుక్కోకు. మా వరసలో ఎనిమిది కాళ్ళిళ్ళు. నీళ్ళ మీద సిమెంటు కాళ్ళు, వాటి మీద ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య చెక్కల దారి. ఇంటికొక ముసలి ప్రాణం. గోడలో బిగించిన పరికరం మమ్మల్ని చూస్తూ ఉంటుంది. దానికి గోడమ్మ అని పేరు పెట్టింది నువ్వే. లేచామా, నడిచామా, మందు మింగామా అన్నీ చూసి రోజూ ఒక అంకె చెబుతుంది. నలభై, ఆ పైన ఉంటే మన ఇంట్లో మనం ఉండొచ్చు. దిగితే మెరక మీదున్న భవనానికి తీసుకెళతారు. అక్కడ బాగానే చూసుకుంటారట. కానీ ఇక్కడి ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. మనసు మారినా తిరిగి రావడానికి గుమ్మం ఉండదు.

ఈ రోజు కచేరీ నుంచి ఎస్తేరురాణి గారు పడవలో వచ్చి కాగితం ఇచ్చారు. నలభై రోజుల్లో విచారణ. వరసలో ఎవరైనా తరఫు మనిషిగా నిలబడి, జరిగింది జరిగినట్టు చేత్తో రాసి ఇస్తే, గోడమ్మ చెప్పిన దానితో పాటు అది కూడా చదివి తీరాలట. అలాంటి నియమం ఉందని మాకెవరికీ తెలియదు.

"ఎవరు రాస్తారండి?" అని ఆవిడ అడిగితే అందరూ నా వైపే చూశారు. తాతారావు అన్నయ్యగారికి చెయ్యి వణుకు. మిగతావాళ్ళు నా పాటి కూడా చదువుకోలేదు.

"దీనికి మూడో తరగతి వొచ్చండి. మా వరసకిదే కలెక్టరు," అంది పల్లాలత్త.

తెలియనివాళ్ళకి రాయడానికి మధ్యాహ్నమంతా కూర్చున్నాను. చెయ్యి కదల్లేదు. నీ పేరు రాశాక కదిలింది.

రెండో రోజు

తెల్లవారగానే పొగమంచు నీళ్ళు పట్టే మంచు వల దులిపాను. రెండు బిందెలు పడ్డాయి. నువ్వున్నప్పుడు ఒక్క విదుపుకి మూడు పడేవి, నీ చేతి బలమే వేరు. తర్వాత పల్లాలత్త వల కూడా దులుపుదామని వెళ్ళాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి అప్పటికే దులుపుకుని నీళ్ళు కూడా వడకట్టుకుంది. కళ్ళు మసకే గానీ చేతులకు దారి తెలుసు.

గోడమ్మ ఆవిడను అడుగుతోంది, "పల్లాలమ్మ గారూ, లేచారా?"

"లేవకుండా పలుకుతున్నానా? నీకు బుర్రుందా?"

"మీ మనసు ఈ రోజు ఎలా ఉంది?"

"నిన్ను సూసేదాకా బానే ఉంది."

నేను చెంగు నోట్లో పెట్టుకున్నాను. ఆ మాటకు కూడా మార్కులు పోతాయేమోనని భయమేసింది. దేనికి ఎంత వేస్తుందో అది చెప్పదే. ఈ వానలయ్యాక దానికి కొత్త లెక్కలు నేర్పారని మాత్రం పడవవాళ్ళు అన్నారు. వానలకు ముందు అత్త అంకె యాభై ఆరు. నాది అరవై పైమాట, ఇప్పుడు నలభై ఏడు.

నా సంగతి కూడా రాయాలి. వారానికోసారి గోడమ్మ జ్ఞాపకం పరీక్ష పెడుతుంది. ఈ రోజు ఏ వారం, మీ పేరేమిటి, ఇంట్లో ఎందరుంటున్నారు. మూడోదాని దగ్గర ప్రతిసారీ నా నోరు "ఇద్దరం" అనేస్తుంది. అన్నాక నాలిక కరుచుకుంటాను. అది "తప్పు" అంటుంది.

ఐదో రోజు

మా వంతు వంట గురించి రాయమన్నారు అన్నయ్యగారు. కచేరీవాళ్ళకి మా బతుకు తెలియాలి కదా అని.

కట్ట తెగిన రోజు నీతో పాటు ఇసక బస్తాలు మోసిన పదకొండు మందిలో నలుగురు రాలేదు. అంతకంటే రాయలేను. పధ్నాలుగు నెలలయింది.

ఆ తర్వాత కూడా నేను రెండు సోలల బియ్యమే పోసేదాన్ని. చెయ్యి దానంతటది పోసేది. అంచున సొట్ట పడిన నీ కంచం తీసి పెట్టేదాన్ని. అదే, పీత డెక్క పగలగొట్టడానికి నువ్వు సుత్తి వేసిన కంచం. వడ్డించి, ఎదురుగా కూర్చునేదాన్ని. ఒక్క మనిషికి రెండు కంచాలేంటని గోడమ్మ మరుపు కింద రాసుకునేది. నా కంచంలోదీ కదిలేది కాదు, నీ కంచంలోదీ కదిలేది కాదు. ఒక రోజు పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు.

చెక్కల మీద కర్ర చప్పుడు. "ఒసేయ్ వరాలూ! పప్పు మాడిపోతందే. బతికున్నావా, లేదా?"

పల్లాలత్త లోపలికి వచ్చింది. పొయ్యి ఆర్పింది. నీ పీట మీద కూర్చుంది, నీ కంచం తడిమి చూసి దగ్గరికి లాక్కుంది. ఎవరిదని అడగలేదు. కలుపుకుని తింది.

"ఉప్పు తక్కువే," అంది. "నీదీ కానీ. నేనొక్కదాన్నీ తింటంటే నాకు దిట్టి."

ఆ రోజు నేను తిన్నాను. తొమ్మిది రోజుల తర్వాత.

మర్నాడు ఆవిడ వండి నన్ను పిలిచింది. ఆ మర్నాడు అన్నయ్యగారు, ఇంజన్ల నూనె చేతులతో చారు పెట్టారు. అలా అలా ఎనిమిదిళ్ళూ కలిశాయి. రోజుకొకరి పొయ్యి. టీ నుంచి సాయంత్రం గంజి దాకా ఆ రోజంతా వాళ్ళదే. ఎవరు తినడానికి రాకపోతే వాళ్ళింటికి మనిషి వెళుతుంది. అలా వెళ్ళబట్టే చివరింటి ఆవిడ జారిపడిన రోజు గంటలో తెలిసింది. గోడమ్మ కబురు మరునాటికి చేరింది.

ఎనిమిది మందికి తొమ్మిది కంచాలు పెడతాం. ఆ తొమ్మిదోది నీ సొట్ట కంచం. ఎవరి ఇంట్లో వంతయితే అక్కడికి పట్టుకెళతాను. ఎవరైనా కొత్తగా వస్తే దాంట్లో తింటారు.

ఎనిమిదో రోజు

అత్త అంకె ముప్ఫై ఏడు. నడక తక్కువని పడుతోందేమో అనుకున్నాం. అన్నయ్యగారు చెక్కల దారి పొడుగునా పట్టుకోవడానికి తాడు కట్టారు. పొద్దున్నే అందరం అత్తను నడిపిస్తున్నాం.

"ఇంకొక్కసారి, పిన్నీ," అంటారు అన్నయ్యగారు.

"నన్నేమన్నా పందేనికి దింపుతున్నావేంట్రా?"

తాడు మంచి పని. కచేరీవాళ్ళు ఏమనుకున్నా అది ఉంచుతాం.

తొమ్మిదో రోజు

ఈ రోజు అత్త వంతు. నడిచి నడిచి కాళ్ళు వాచాయి. అందుకని అందరం ఒక మాట అనుకుని, విచారణ అయ్యేదాకా ఆవిడ వంతు నేను మా ఇంట్లోనే వండేలా ఒప్పించాం. ఒప్పుకోలేదనుకో, ఒప్పించాం.

"నా పొయ్యి లాక్కుంటారా?" అంది.

"లాక్కోవడం కాదత్తా, నాల్రోజులు కూసో."

చేతిలో గరిటె నాకిచ్చేసింది. పల్లాలత్త తిట్టకపోవడం నాకు నచ్చలేదు.

పన్నెండో రోజు

ముప్ఫై రెండు.

ఇదేం అన్యాయమే బుడంకాయా. కూర్చోబెట్టి చూసుకుంటుంటే ఇంకా దిగుతోంది.

పదమూడో రోజు

తాతారావు అన్నయ్యగారి వంతు. చేపల పులుసులో బెల్లం వేశారు. అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఇదేంట్రా, పులుసా, పానకమా?"

"మాయావిడ ఇలాగే పెట్టేదండి, పిన్నీ."

"అందుకే తొందరగా ఎల్లిపోయింది పాపం."

అన్నయ్యగారు కంచం ముందు నుంచి లేచి, మమ్మల్నందరినీ బయటికి పంపేసి తలుపు వేసుకున్నారు. అత్త మాట జారిందని అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. "రారా, నోరు జారాను" అని చెక్కల మీద నిలబడి రెండుసార్లు పిలిచింది. తలుపు తీయలేదు.

పదహారో రోజు

అన్నయ్యగారి అలక మూడో రోజు. తన అన్నం తానే వండుకుంటున్నారు. కిటికీలోంచి బెల్లం వాసన వస్తోంది, కావాలనే వేస్తున్నారు.

మధ్యాహ్నం ఆయనే పరుగున వచ్చారు. అలక మరిచిపోయారు.

"చెల్లెమ్మా, నా అంకె సూడండి. నలభై తొమ్మిది ఉండేదా? యాభై నాలుగైంది!"

"ఏం చేశారండీ?"

"ఏం చెయ్యలేదండి. ఏడ్చుకుంటా వండుకు తిన్నాను, అంతే."

అందరం ఆయన మొహం చూశాం. ఆయన పాత ఇంజను మనిషి కదా, ఒక్కొక్కటీ ఊడదీసి చూసే బుద్ధి. నడక మారలేదు, నిద్ర మారలేదు, మందులు మారలేదు. మారింది ఒకటే. మూడు రోజులు ఆయనింట్లో పొయ్యి వెలిగింది.

అప్పుడు అర్థమైంది. వానల తర్వాత గోడమ్మకు నేర్పిన కొత్త లెక్క పొయ్యి లెక్క. పొయ్యి వెలిగితే మనిషి తన పని తాను చేసుకుంటోందని. చల్లగా ఉంటే చేతకావడం లేదని. మా ఎనిమిదిళ్ళల్లో ఒక్కో పొయ్యి వెలిగేది ఎనిమిది రోజులకోసారి. అత్తకైతే ఆ ఒక్క రోజూ మేమే తీసేశాం. ముద్దు చేసి, కూర్చోబెట్టి, మేమే దించాం ఆవిడ అంకెను.

నేనే దించాను. ఆవిడ వంతు వండింది నేనే.

పదిహేడో రోజు

వంతులు ఆపేశాం. విచారణ అయ్యేదాకా ఎవరి పొయ్యి వారిది. తెలిసి తెలిసి ఇంకేం చేస్తాం.

ఒక సోల పోశాను. ఒక కంచం తీశాను. నీది అటక మీద పెట్టాను. బోర్లించలేదు, వెల్లకిలాగానే పెట్టాను.

ఇరవై ఒకటో రోజు

అత్తది ముప్ఫై ఆరు. నాది యాభై. పడవవాడు వచ్చి, "ఏంటండీ, మీ వరసలో గొడవలొచ్చాయా? సప్పుడే లేదు," అన్నాడు.

చారులో పోపు వేయడం మానేశాను. ఒక్కదానికి పోపెందుకు?

ఇరవై నాలుగో రోజు

నలభై ఒకటి! అన్నయ్యగారు తెడ్డుతో చెక్కల మీద వాయించారు. గెలిచాం అనుకుని పరుగున అత్త ఇంటికి వెళ్ళాను.

మంచం మీద ఉంది. లేవబోయి మళ్ళీ పడుకుంది. చెయ్యి పట్టుకుంటే గాజు మోచేతి దాకా జారింది. పొయ్యి మీద గిన్నె తెరళుతోంది. మూత తీశాను.

నీళ్ళు. ఒట్టి నీళ్ళు.

"ఏంటత్తా ఇది?"

"ఎసరు."

"బియ్యమేవి?"

"బియ్యమెందుకే? అది నిప్పు సూత్తది, కడుపు సూడదు. మూడు పూటలా వెలిగిత్తన్నాను గదా. అంకె ఎక్కిందా, లేదా?"

"ఎన్నాళ్ళయింది అన్నం తిని?"

అటు తిరిగింది. "ఒక్కదానికి దిగట్లేదే, వరాలూ. నోట్లో పెట్టుకుంటాను. అక్కడే ఉంటది."

బుడంకాయా, ఆ 'అక్కడే ఉండడం' నాకు తెలుసు. తొమ్మిది రోజులు నా నోట్లో ఉన్న ముద్ద అదే. నన్ను అందులోంచి లాగిన మనిషిని నేనే అందులోకి తోశాను. గోడ మీదేమో నలభై ఒకటి, పచ్చగా, పండగలా.

ఆ ఎసట్లోనే బియ్యం పోశాను. నీ కంచం తెచ్చాను, నా కంచం తెచ్చాను. మెత్తగా కలిపి, ఎదురుగా కూర్చున్నాను.

"నీదీ కానీ," అన్నాను. "నేనొక్కదాన్నీ తింటుంటే నాకు దిష్టి."

లేచి కూర్చుని, నీ కంచం తడిమి చూసి దగ్గరికి లాక్కుంది. తిన్నది. ఉప్పు తక్కువే అంది.

ఇరవై ఐదో రోజు

అందరం అన్నయ్యగారి ఇంట్లో కూర్చున్నాం. రెండు దారులున్నాయి. ఎవరి పొయ్యి వాళ్ళం వెలిగించుకుని, అంకెలు పెంచుకుని, ఇల్లు నిలబెట్టుకోవడం. లేదా మళ్ళీ కలిసి తిని, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. చెప్పాక ఏమవుతుందో తెలియదు. ఒక్క అత్త సంగతే కాదు, అందరి అంకెలూ దిగుతాయి.

అన్నయ్యగారే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళారు.

"ఈ రోజు నా వొంతు. పులుసు. బెల్లం వేత్తాను. ఇట్టం లేనోళ్ళు ఇప్పుడే చెప్పండి."

"ఎయ్యరా," అంది అత్త. "కూసింత ఎక్కువే ఎయ్యి."

అలక తీరింది. అత్త రెండోసారి పులుసు అడిగింది. వాళ్ళావిడ గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ముప్ఫై ఒకటో రోజు

అత్తది ముప్ఫై ఐదు. నాది నలభై ఒకటి. చెక్కల దారి మీద తాడు పట్టుకుని నడుస్తోంది అత్త, ఎవరూ నడిపించకుండానే. ఒక ఇంట్లో పప్పు, ఒక ఇంట్లో గోల. పడవవాడు, "వొచ్చేసిందండి సప్పుడు," అన్నాడు.

ముప్ఫై నాలుగో రోజు

నాకూ కాగితం వచ్చింది. ముప్ఫై తొమ్మిది.

భయం లేదని రాస్తే అబద్ధం. ఈ ఇంట్లో తలుపు వెనక నీ ఎత్తు గీతలున్నాయి. పన్నెండో ఏట ఆగిపోయాయి, ఆ తర్వాత నువ్వు నిలబడనన్నావు. వేరేవాళ్ళు వస్తే సున్నం వేస్తారు.

అయినా పొయ్యి సంగతి ఒక్క ముక్క దాచకుండా రాశాను. ఇది చదివినవాళ్ళు నన్ను తీసుకెళ్ళాలనుకుంటే అంతా ఇందులోనే ఉంది.

ముప్ఫై ఆరో రోజు

విచారణ.

కావాలనే ఆ రోజు పల్లాలత్త వంతు పెట్టాం. ఎస్తేరురాణి గారు పదకొండింటికి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, పడవ ఎండకు మొహం వాడిపోయింది. ఒళ్ళో ఒక పొట్లం. పిండి పొట్లం, నీళ్ళు పోసుకుని తాగేది. పడవలోనే ఒక్కరూ కూర్చుని తాగేస్తారట, టైము ఉండదట.

ముందు గోడమ్మను చెప్పమన్నారు. అది గడగడా చెప్పింది. "అరవై రోజుల్లో ఈ ఇంట్లో వంట జరిగినది పదిహేను రోజులు. వాటిలో ఏడు రోజులు వరుసగా నీళ్ళు మాత్రమే కాచారు. మిగతా రోజుల్లో ఒక మనిషికి సరిపోయే దానికి ఎనిమిది రెట్లు వండారు. పరిమాణ జ్ఞానం లోపించింది."

"ఏంటంటందే?" అని అత్త నన్నడిగింది.

"నీకు కొలత తెలీదంటోంది, అత్తా."

"నాకా? కొలతా?" అత్త గరిటె పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. "ఇంత మంది తినగా గిన్నె అడుగున ఒక్క మెతుకు మిగలదు. నువ్వొండు సూద్దాం!"

ఎస్తేరురాణి గారు పెదవి బిగబట్టుకున్నారు. నవ్వు ఆపుకోవడానికే.

"అమ్మా, ప్రశ్నలు తర్వాత. ముందు భోంచెయ్యండి," అన్నాను.

"డ్యూటీలో ఉన్నానండి, తినకూడదు."

"తినకుండా మా వంట మీద రాసేత్తారా? ఇదేం నాయం?" అంది అత్త.

ఆవిడ పొట్లం చూసుకున్నారు. పక్కన పెట్టారు. తొమ్మిదో కంచం ఆవిడ ముందు పెట్టాను.

అత్త వంట ఆవిడ కళ్ళారా చూశారు. కంటితో కాదు, చెవితో వండుతుంది అత్త. గిన్నె మీదికి వంగి, ఎసరు చప్పుడు మారగానే మంట తగ్గించింది. వాసన పట్టి రొయ్యలు వేగాయంది. ఉప్పునేలలో మొలిచే ఎర్రకాడల ఆకు వేళ్ళతో తడిమి, ముదురు తీసేసింది. ఎనిమిది మందికి అనుకున్నది తొమ్మిది మందికి సరిపెట్టింది. ఎస్తేరురాణి గారు మాట్లాడకుండా తిన్నారు. రెండోసారి వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టలేదు. అంచున సొట్ట వేలితో తడిమి, "ఇదేంటండీ?" అన్నారు.

"మా అమ్మాయి చేసిందండి. పీత కోసం."

"ఎక్కడున్నారు?"

నేను చెప్పేలోపు అత్త అంది, "కట్ట కాడ పోయిందమ్మా. ఈ గోడేమో మా వరాలు మరిచిపోయి రెండో కంచం పెడతందని మార్కులు తీత్తంది. మరిచిపోయినోళ్ళెవరన్నా పెడతారా? గుర్తుండే గదా పెడతంది."

ఆవిడ సొట్ట మీద నుంచి వేలు తీసి, కంచంలో మిగిలింది ఒక్క మెతుకు వదలకుండా తిన్నారు.

అప్పుడే నాకు ఆ ప్రశ్న వచ్చింది. అనుకుని అడగలేదు. వారం వారం నేను తప్పే ప్రశ్న అది కదా, మనసులో నలుగుతూ ఉంది.

"అమ్మా, 'ఇంట్లో ఎందరు' అని అడుగుతుంది గోడమ్మ. ప్రతిసారీ తప్పు చెబుతాను. ఇల్లంటే ఏంటని మీ నియమాల పుస్తకంలో రాసుందండీ? నాలుగు గోడలనా?"

"అదేముందండి, ఇల్లంటే..." అని ఆగారు. చేయి కడుక్కుని, నియమాలుండే తెరపలక తీసి వెతికారు. చాలాసేపు వెతికారు. మేం కంచాలు కడిగేశాం.

తర్వాత పైకి చదివారు. "ఇల్లు అనగా ఒకే పొయ్యి మీద వండుకుని, కలిసి తినే మనుషులు. వారు ఒకే కప్పు కింద ఉండనవసరం లేదు." ఆవిడే మళ్ళీ చదువుకున్నారు. "సముద్రం రాకముందు రాసిందండి. జనాభా లెక్కల కోసం. ఎవరూ కొట్టెయ్యలేదు."

"అంటే?" అన్నారు అన్నయ్యగారు.

"రేపు ఎవరి వంతండి?"

చివరింటి ఆవిడ చెయ్యెత్తింది.

"ఎల్లుండి?"

అలా ఎనిమిది పేర్లూ వంతుల ప్రకారం చేత్తో రాసుకున్నారు. అప్పుడు చెప్పారు. తీర్పు ఇచ్చే అధికారం తనకు లేదట. కానీ కాగితంలో 'ఎనిమిది గదులు, ఒక ఇల్లు, ఒక పొయ్యి' అని రాసి పైకి పంపగలరట. ఎనిమిది మంది లెక్కా కలిపి చూస్తే రోజూ పొయ్యి వెలిగింది, ఒక్కపూట కూడా తప్పలేదు. పైవాళ్ళు తేల్చేదాకా అత్తనీ నన్నూ ఎవరూ కదపరు.

"ఒప్పుకుంటారా అండి?" అన్నాను.

"అంకెలొక్కటే చూస్తే ఒప్పుకోరు. మీ పుస్తకం చదివితే... నాకు తెలీదు. ఇంకో పదమూడు వరసలున్నాయండి నా కింద. చాలా ఇళ్ళల్లో అంకె ఎనభై. ఎవరింటికెళ్ళినా గిన్నెలు మెరుస్తుంటాయి. లోపల ఏముందో ఎప్పుడూ మూత తీసి చూడలేదు." పడవ ఎక్కబోతూ ఆగారు. "ఇకనుంచి చూస్తాను."

పొట్లం మా ఇంట్లోనే మరిచిపోయారు. అత్త అది చేపలకు వేసింది.

నలభయ్యో రోజు

రేపు పడవలో ఈ పుస్తకం వెళ్ళిపోతుంది. రాస్తున్నన్ని రోజులూ నువ్వు ఎదురుగా కూర్చుని వింటున్నట్టే ఉంది, ఇప్పుడు ఇవ్వాలంటే చేతులు రావడం లేదు. అన్నయ్యగారు తన పాత ఇంజను లెక్కల పుస్తకం తెచ్చి, రాయని కాగితాలు చాలా ఉన్నాయి చెల్లెమ్మా, అన్నారు. అందులో నీకు రాస్తాను. కచేరీవాళ్ళు చదవరు కాబట్టి నిన్ను తిట్టుకోవచ్చు కూడా. బస్తా మోయడానికి నువ్వే ముందు ఎందుకు వెళ్ళావని ఒకటి మిగిలి ఉంది.

పొద్దున్న గోడమ్మ పరీక్ష పెట్టింది. ఇంట్లో ఎందరుంటున్నారు?

"ఎనిమిది మందిమి," అన్నాను.

"తప్పు," అంది.

ఫర్వాలేదు, నేర్చుకుంటుంది. నాకు మాత్రం మొదటిసారి నాలిక కరుచుకోవాల్సిన పని పడలేదు. ఇద్దరం అని రాలేదేమని నువ్వు నొచ్చుకోకు, బుడంకాయా. తొమ్మిదో కంచం ఎక్కడికీ పోలేదు.

కింది వరస నుంచి ఇద్దరు ముసలమ్మలు నిన్న తెడ్డు వేసుకుంటూ వచ్చారు. వంతులు ఎలా వేసుకోవాలో చెప్పమన్నారు. పల్లాలత్త రెండు గంటలు చెప్పింది. పులుసులో బెల్లం వేసేవాళ్ళని ఏ వారం పెట్టుకోవాలో కూడా చెప్పింది.

ఇక ఇది మెరక మీద కచేరీలో చదివే అమ్మకో, అయ్యకో రాస్తున్నాను. మీ పేరు నాకు తెలియదు. తప్పులుంటే మన్నించండి. మీరు ఏం రాస్తే మాకు అదే జరుగుతుందని తెలుసు. అయినా మీ మీద కోపం లేదు. అక్కడ అందరూ కుర్చీలో కూర్చునే పొట్లం చింపుకుని, కాగితాలు చూస్తూ తాగేస్తారని ఎస్తేరురాణి గారు చెప్పారు. అది విన్నప్పటి నుంచి నాకు మీ గురించే బెంగగా ఉంది.

మా సంగతి ఒక పూట ఆగితే ఏం కాదు. ఈ పుస్తకం పక్కన పెట్టండి. పక్క కుర్చీలో ఉన్నవాళ్ళని కూడా లేపండి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, వేడి వేడిగా, కడుపు నిండా అన్నం తినండి.